ఆ పేరు రాసింది నేనే

కొన్నేండ్ల కింద ఒక పెద్ద వీడియో గేమ్ చెడిపోయింది. దాన్ని చెడగొట్టింది ఫలానా మనిషి అని ఇప్పటికీ జనం ఒక పేరు చెప్తరు. ఆ మనిషి చెడగొట్టలే. ఆ పేరు జనానికి ఇచ్చింది నేను.

ఈ నాలుగు ముక్కలు కాయితం మీద పెట్టనీకి నాకు ఇన్నేండ్లు పట్టింది. అందరితోటి కూచొని అన్నం తింటున్నా, పెండ్లిలో నవ్వుతున్నా, ఇది నా లోపల ఒక పక్కన కూచొని ఉండేది. ఇన్నేండ్లు మా ఆయనకు చెప్పలే. మా అమ్మకు చెప్పలే. మీరెవరో నాకు తెల్వదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్ననేమో. కాదు, అదీ సాకే. చెప్పాల్సినోళ్ళకు ఇప్పటికే చెప్పిన. మీకెందుకు చెప్తున్ననంటే, సగం చెప్పి ఊకుంటే మిగతా సగాన్ని నాకు అనుకూలంగా మార్చుకుంట. ఆ గుణం నాకుంది.

ఇక్కడ నా పేరు రాయను. దాక్కోనీకి కాదు, ఎందుకో ముందుకు పోతే తెలుస్తది. జనం చెప్పే ఆ మనిషిని కరీం అంట. అది అసలు పేరు కాదు.

మాది జూలూరుపాడు దాటినంక అడివి అంచున ఒక చిన్న పల్లె. పత్తి, మిర్చి పండించే ఇల్లు. కరీం వాళ్ళది ఖమ్మం, తాతల కాలం నుంచి పరుపులు కుట్టే కుటుంబం. ఇద్దరం హైదరాబాద్‌లో ఒక గేమ్ కంపెనీలో కలిసినం. మీదీ మాదీ పాత జిల్లా ఒకటే అన్న ఒక్క ముక్కతోటి మొదటి రోజే నన్ను అక్కా అని పిలిచిండు. రంజాన్‌కు వాళ్ళమ్మ పంపిన సేమ్యా డబ్బా నా టేబుల్ మీద పెట్టేటోడు. నేను ఊరికి పోయేటప్పుడు ఖమ్మంలో వాళ్ళింట్లో ఆగి చాయ్ తాగి బస్సెక్కేదాన్ని.

మా గేమ్ గోదావరి మీద. పడవ నడిపే ఒక అమ్మాయి, అడివి ఊర్లు, వానలు, వరద. మన దగ్గర ఇంత ఖర్చు పెట్టి ఇట్లాంటిది ఎవరూ చెయ్యలేదని అందరూ అన్నరు. నేను దానికి ప్రొడ్యూసర్‌ని. సినిమా లెక్క పైసలు పెట్టే మనిషిని కాదు. ఏ పని ఎవరు ఎప్పటికి చేస్తరో చూసుకుంట, పైవాళ్ళు అనుకునేది కిందోళ్ళకు, కింద జరిగేది పైవాళ్ళకు చెప్పే మనిషిని. కింద జరిగేది పైకి చెప్పుడు నా ఉద్యోగం. నేను చెయ్యనిది అదే.

కరీం నీళ్ళ టీంకు హెడ్. గేమ్‌లో నది పారుడు, పడవ ఊగుడు, ఒడ్డు తడుసుడు, అన్నీ వాళ్ళ పనే. ఒక వానాకాలం అందరం దుమ్ముగూడెం పోయినం, పొంగే నదిని కండ్లతోటి చూడాలని. ఎర్రటి నీళ్ళు, అందులో కొట్టుకొచ్చే దుంగలు. మేమంతా ఫోటోలు దిగుతుంటే అతను ఒడ్డున గొంతుక్కూచొని, దుంగ ఎక్కడ సుడి తిరుగుతుందో, ఎక్కడ ఆగుతుందో అట్లనే చూస్తున్నడు. చేతిలో చాయ్ చల్లారింది. ఇందులో సగం గేమ్‌లకు దించినా చాలక్కా అన్నడు.

ఆ తర్వాత ఒక పెద్ద ఈవెంట్ అయింది. స్టేజీ మీద మైకు నా చేతికి వచ్చింది. మీ గేమ్‌లో ప్రత్యేకత ఏందని అడిగిన్రు. నేను చెప్పిన: "గోదావరి పెరిగితే మీ కండ్ల ముందు ఊర్లు నిజంగా మునుగుతయి. ఒక్కో ఇల్లు, ఒక్కో గడప. పడవలో ఎవరిని ఎక్కించుకోవాలో మీరే తేల్చుకోవాలి." హాలంతా చప్పట్లు. అట్లాంటి వరద మా గేమ్‌లో లేదు. అది చెయ్యాలన్న ఆలోచన కూడా ఎవరికీ లేదు. ఆ నిమిషంలో ఆ ముఖాలు చూసి నాకు పుట్టింది. ఎందుకన్న? గొప్ప కోసమేనా? అప్పుడు నాకది అబద్ధం అనిపించలే, ముందుగా చెప్పిన నిజం అనిపించింది. నాలాంటోళ్ళం అబద్ధాన్ని అట్లనే మొదలుపెడతమేమో.

దాన్నే ట్రైలర్ చేసిన్రు. బొమ్మలు గీసి, విడిగా తయారుచేసిన వరద అది. చూసినోళ్ళు గేమే అట్ల ఉంటదనుకున్నరు. ముందే కొనుక్కున్నరు. కరీం నా దగ్గరికి వచ్చి, ఇది ఎవరు చేస్తరక్కా అని అడిగిండు. నువ్వే అన్న. నవ్విండు. ఆ నవ్వులో భయం ఉంది, ఇష్టం కూడా ఉంది. చేసిండు పాపం, ఏడాదికి పైగా. ఇంటికి పోవుడు మర్చిపోయిండు.

విడుదల దగ్గర పడ్డప్పుడు మల్ల వచ్చిండు. వరద నిలబడుతలేదు, మామూలు మెషిన్లలో గేమ్ మొత్తం ఆగిపోతుందని చెప్పిండు. అయితే ఆరు నెలలు ఆపుదాం, లేకుంటే వరద తీసేసి జనానికి ముందే చెప్పుదాం అన్నడు. చెప్తే తిడతరక్కా, చెప్పకపోతే ఇంకెప్పుడూ నమ్మరు అన్నడు. పైవాళ్ళతో మాట్లాడత అన్న. మాట్లాడలే. పైన మీటింగ్‌లో నీళ్ళ పని ఎట్లుందని అడిగితే, అయిపోవస్తుంది సార్ అన్న. తేదీ మార్చమంటే నా స్టేజీ మాట బయటపడుతుండె. అంతే. దానికి ఇంకే కారణం లేదు.

విడుదలైంది. నీళ్ళు రాకముందే ఇండ్లు మునిగినయి. పడవలు గాలిలో నిలబడ్డయి. నీళ్ళ కింద మనుషులు తాపీగా నడిచిపోతున్నరు. చాలామందికి అక్కడిదాకా కూడా పోలే, వరద మొదలు కాంగనే గేమ్ ఆగిపోయింది. జనం నవ్వుకుంట వీడియోలు పెట్టిన్రు. ఆ తర్వాత కోపం. పైవాళ్ళు అందరినీ కూచోబెట్టి, ముందే ఎందుకు చెప్పలే అని అడిగిన్రు. కరీం ఆ గదిలో లేడు, కింద గేమ్ బాగుచేసుకుంట కూచున్నడు. నీళ్ళ టీం మాకు చెప్పలేదు సార్ అన్న నేను.

తప్పు ఎవరిదని ఇన్నేండ్లలో ఎన్నిసార్లు లెక్కగట్టిననో. తేదీ జరపనీయని పెట్టుబడిదారులది కొంత. లేని వరదను ట్రైలర్‌లో అమ్మినోళ్ళది కొంత. మన గోదావరి మీద గేమ్ అని ఊగిపోయి, చూడకుండనే నెత్తికెత్తుకున్న మనందరిది కొంత. నా మాట నమ్మి, నన్ను దాటి పైకి పోని కరీందీ కొంత, నేనే పోయి గట్టిగ చెప్పాల్సింది అని అతనే అన్నడు ఒకసారి. ఇట్ల పంచితే అందరికీ తలా ఒక చిన్న ముక్క వస్తది. నాకు వచ్చేది కొంచెం పెద్దది. దాన్ని నేను మొయ్యగలిగేదాన్నే. ఉద్యోగం పోయేదేమో, నాలుగు రోజులు నవ్వేటోళ్ళేమో. అంతకంటే ఏమయ్యేది?

కానీ ప్లేయర్లు మాట్లాడుకునే సైట్‌లో నా స్టేజీ వీడియో తిరగడం మొదలైంది. ఈ మేడమే అబద్ధం చెప్పింది అని రాస్తున్నరు. నిజమే రాస్తున్నరు. మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయినప్పుడు, నా సీట్లోనే కూచొని, దొంగ పేరుతోటి ఒక అకౌంట్ తెరిచిన. నేను లోపల పనిచేసే మనిషిని, ప్రొడ్యూసర్‌ను తిట్టకండి, నది మొత్తం ఒక్కడి చేతిలో ఉంది, పని అయిపోయింది అయిపోయింది అని అతనే అందరినీ మోసం చేసిండు అని రాసిన. అని, కరీం పూర్తి పేరు రాసిన.

నీళ్ళ టీం అని రాయొచ్చు. హెడ్ అని రాయొచ్చు. పేరెందుకు రాసిన? ఆ పేరు చూస్తే కొందరు ఇంక గేమ్ సంగతి మర్చిపోతరని నాకు తెల్వదా? చాలా రోజులు తెల్వదనే చెప్పుకున్న. తెలుసు. గోదావరి పేరు పెట్టుకున్న గేమ్, ముసల్మాన్ పేరు. మనం ఎట్లాంటి రోజుల్లో ఉన్నమో నాకు తెల్వకపోవుడేంది? ఆ సేమ్యా తిన్న చేతితోటే రాసిన.

సాయంత్రానికి ఎవరూ పడవల గురించి మాట్లాడుతలేరు. మన నదిని వీని చేతిలో ఎవరు పెట్టిన్రు అని ఒకడు. కావాలనే పాడుచేసిండు అని ఇంకొకడు. వాళ్ళ నాయన పరుపుల షాపు ఫోటో ఎక్కడిదో తీసుకొచ్చి పెట్టిన్రు. షాపు బోర్డు మీద నంబర్ ఉంటది గదా. ఆ పెద్దాయనకు ఫోన్లు పోయినయి. ఏం మాట్లాడిన్రో నేను రాయను. కొన్ని రోజులు షాపు మూసి, ఆయన బయటికి రాలేదని తర్వాత తెలిసింది. నేను రాసింది తీసేసిన. తీసేస్తే ఏమైతది? అప్పటికే అందరి దగ్గరా దాని ఫోటో ఉంది.

కరీం రాజీనామా ఇచ్చిండు. పోయే రోజు నా దగ్గరికి వచ్చిండు. ఆ మాటలు ఒక్క అక్షరం పోకుండ గుర్తున్నయి.

"లోపలోళ్ళే ఎవరో రాసిన్రక్కా. బయటోళ్ళకు నా పూరా పేరు తెల్వదు."

"అవ్."

"ఎవరై ఉంటరంటవ్?"

"తెల్వదు కరీం."

"శీనుగాడేనా?"

శీను అతని టీంలోనే పనిచేసేటోడు, రూమ్మేట్ కూడా. విడుదల ముందు పని ఒత్తిడిలో ఇద్దరూ ఒకసారి గొడవపడ్డరు. అది అందరికీ తెలుసు.

నేను జవాబు చెప్పలే. కాదు అని ఒక్క మాట అంటే సరిపోయేది. తల వంచుకొని ఊకున్న. ఊకుంటే అవునని అర్థమైతదని నాకు తెలుసు. కరీం నా భుజం తట్టిండు. నువ్వు బాధపడకు అక్కా అని, పోయిండు.

ఆ తర్వాత ఆ కంపెనీ వదిలేసిన. ఇప్పుడు ఖమ్మంలోనే ఉంటున్న, ఇంటి నుంచే వేరే కంపెనీకి పని చేస్త. కరీం కూడా వాళ్ళ నాయన షాపే నడుపుతున్నడని తెలిసింది. ఒకటే ఊరు. కానీ పరుపుల షాపు ఉన్న రోడ్డు ఎప్పుడూ ఎక్కలే. దూరమైనా చుట్టూ తిరిగి పోయేదాన్ని.

ఈ మధ్య ఇక్కడి కాలేజీలో పిల్లలతోటి మాట్లాడమని పిలిచిన్రు. గేములు ఎట్ల చేస్తరో చెప్పిన. చివరికి ఒక అమ్మాయి లేచి, ఆ గోదావరి గేమ్ ఎందుకు ఫెయిలైంది మేడం అని అడిగింది. ఎప్పుడూ చెప్పే జవాబు, తేదీ, టెక్నాలజీ, అంచనాలు అని మొదలుపెట్టిన. వెనక నుంచి ఒకతను, కాదు మేడం, ఒకడు మోసం చేసిండట గదా అన్నడు. అని, ఆ పేరు చెప్పిండు. పాఠంలో చదివినంత సాఫీగా చెప్పిండు. ఆ గేమ్ వచ్చినప్పుడు అతను బడికి పోయే పిల్లగాడై ఉంటడు. మిగతావాళ్ళు తల ఊపిన్రు.

థాంక్యూ చెప్పి బయటికి వచ్చిన. గేటు దగ్గర నిలబడి ఆలోచించిన. నేను బతికున్నప్పుడే ఇది ఇట్ల ఉంటే, నేను పోయినంక దీన్ని ఇంకెవరు కాదంటరు?

మర్నాడు పొద్దున షాపుకు పోయిన. దూది ఏకే మిషన్ నడుస్తుంది. కరీం గడ్డం కొంచెం నెరిసింది. నన్ను చూసి సంబరపడి మిషన్ ఆపిండు, కుర్చీ దులిపిండు. చాయ్ తెప్పియ్యబోతే వద్దన్న. నిలబడే చెప్పిన. స్టేజీ మీది మాట, పైకి చెప్పని మాట, నేను రాసిన పోస్టు, శీను పేరు వచ్చినప్పుడు ఊకోవుడు. ఏడవొద్దని గట్టిగ అనుకున్న. ఏడిస్తే అతను నన్ను ఓదార్చాల్సి వస్తది. ఆ పని అతనితోటి ఒకసారి చేయించిన. చాలు.

కరీం చేతికి అంటిన దూది తీసుకుంట ఉన్నడు. తర్వాత నా గురించి కాదు, ఇంకొకటి అడిగిండు.

"శీనుకు చెప్పినవా?"

"లేదు. ముందు నీ దగ్గరికే వచ్చిన."

"వాని పెండ్లికి పిలిస్తే పోలే నేను. వాళ్ళ నాయన చచ్చిపోయినప్పుడు కూడా పోలే."

క్షమించు అన్న మాట నోటిదాకా వచ్చింది, మింగిన. అడిగితే, ఇవ్వాలో వద్దో తేల్చుకునే బరువు కూడా అతని మీదే పడతది.

"అందరికీ చెప్త," అన్న. "సైట్‌లో రాస్త, నా పేరుతోటి."

"రాయి. నా పేరు మాత్రం మల్ల ఎక్కడా ఎక్కియ్యకు. మంచిగ రాసినా వద్దు. మా అబ్బాజాన్ ఇంకా కొత్త నంబర్ల ఫోన్ ఎత్తుతలేడు."

అని మిషన్ వేసిండు. ఆ చప్పుడులో ఇంక మాటలు వినపడవు. కొంచెంసేపు నిలబడి వచ్చేసిన.

శీను బోనకల్ దగ్గర అత్తగారి ఊరికి వచ్చిండని తెలిసి, ఆదివారం పోయి చెప్పిన. గేటు లోపలికి రానియ్యలే. అంతా విని, కరీం నంబర్ అదేనా, మారిందా అని అడిగిండు. అదే అన్న. గేటేసుకున్నడు.

సైట్‌లో రాసిన. ఆ రోజు ఆ పోస్టు పెట్టింది నేను, అందులోది అబద్ధం, వరద మాట నాది, ఆపుదామని నాకు ముందే చెప్పిన్రు, నేను దాచిన అని. కింద నా పూర్తి పేరు. అతని పేరు లేదు. ఆ గేమ్‌ను జనం మర్చిపోయిన్రు, చదివింది కొద్దిమందే. కొందరు తిట్టిన్రు. ఒకతను, ఇప్పుడెందుకు చెప్తున్నవ్, ఎంత ఇచ్చిన్రు అని రాసిండు. నా అబద్ధాన్ని ఒక్క సాయంత్రంలో నమ్మినోళ్ళు, నా నిజాన్ని నమ్ముతలేరు. నమ్మేదాకా రాస్త. ఇక్కడ నా పేరు ఎందుకు లేదో ఇప్పుడు మీకు తెలిసి ఉంటది. నా పేరు, ఈ షాపు, ఈ ఊరు ఒక్కచోట చేరితే అతని పేరు మల్ల బయటికి వస్తది.

మా ఆయనకు చెప్పిన. రెండు రోజులు మాట్లాడలే. కరీం నుంచి ఫోన్ రాలే. వస్తదని చూస్తలేను.

కాలేజీకి నేనే ఫోన్ చేసి ఇంకో గంట అడిగిన. ఈసారి దేని మీద మాట్లాడతరు మేడం అని ప్రిన్సిపాల్ గారు అడిగిన్రు. నేను చెప్పిన ఒక అబద్ధం మీద సార్ అన్న. ఆయన నవ్విన్రు, పిల్లలకు మంచి హుషారుగ ఉంటది మేడం, సోమవారం రండి అన్నరు.

పోత. వెనక బెంచీలో కూచున్న అతన్ని ముందుకు రమ్మంట. నిలబడి, అతని ముఖం చూసి చెప్త.