అక్క ఉంచిపోయిన పాత పేరు

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి పెద్ద కారణాలు అక్కర్లేదు. (ఇప్పుడూ అక్కర్లేదు. కాకపోతే అప్పట్లో నా కోపాన్ని పట్టించుకునే మనిషి ఒకామె ఉండేది.) మహదేవపురలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మొదటి ఉద్యోగం, ఆరు నెలల ప్రొబేషన్, మెడలో కొత్త ఐడీ కార్డు. పక్క సీటు అక్కది. సొంత అక్క కాదు. మదనపల్లి వైపు మనిషి, నాకన్నా ఎనిమిదేళ్లు పెద్ద. నేను ఈ కన్నడ ఊళ్లోనే, కాటన్‌పేటలో, పుట్టి పెరిగిన తెలుగువాణ్ణని తెలిసిన రోజే "మనోడే గదా" అని తన టిఫిన్ డబ్బా మూతలో ఇంత చిత్రాన్నం పెట్టి నా ముందుకు తోసింది. ఆ తరవాత రోజూ ఆ మూత నాదే.

గొడవ కేకుతో మొదలైంది. అక్క పుట్టినరోజున పేపరు ప్లేట్లు తెమ్మని నన్నే కిందికి పంపారు. లిఫ్టు కోసం నిలబడి, ప్లేట్లతో పైకి వచ్చేసరికి కేకు కోసేశారు, టిష్యూ కాగితాల్లో పెట్టుకుని తినేస్తున్నారు కూడా. ప్లేట్లు తెచ్చేవాడి కోసం ఆగనివాళ్లకు ప్లేట్లెందుకు? సీటుకొచ్చి, టీము మెయిళ్లన్నీ వచ్చే గ్రూపులోంచి నా పేరు నేనే తీసేసుకున్నాను. ఎవరైనా వచ్చి ఏమైందని అడుగుతారని సాయంత్రం దాకా చూశాను. ఎవరూ అడగలేదు. మర్నాడూ అడగలేదు. (ఆ తేదీ నాకింకా గుర్తుంది.)

నా పని కొరియర్ పెట్టెల మీద అంటించే చిరునామా చీటీల ప్రోగ్రాం చూసుకోవడం. చిరునామాను వరసలుగా విడగొట్టే కోడు మాత్రం అక్క చూసుకునే లైబ్రరీలో ఉండేది. అందరం దాన్నే వాడుకునేవాళ్లం, కాటన్‌పేటలో మా వఠారంలో ఏడిళ్లకీ ఒకే కొళాయి ఉన్నట్టు. ఒక సోమవారం వచ్చేసరికి కొళాయి మారిపోయింది. లైబ్రరీకి కొత్త వెర్షన్ వచ్చింది, నా ప్రోగ్రాం పిలిచే ఫంక్షన్‌కు కొత్త పేరు పెట్టేశారు, పాత పేరు అందులో లేదు. అందరూ ముందే సర్దుకున్నారు. నాది ఒక్కటే ఆగిపోయింది.

"చెప్పకుండా మార్చేస్తారా అక్కా?"

"రెండు వారాల ముందే మెయిల్ పెట్టినా కదప్పా."

"నాకు రాలేదు."

అక్క గ్రూపు తెరిచి వెతికింది. "నీ పేరే లేదు ఇక్కడ. నువ్వే పోయుండావు. గ్రూపులోంచి పోయి మెయిల్ రాలేదంటే ఎట్ల?"

"పోయినోడు ఎందుకు పోయినాడని ఎవురైనా అడిగినారా?"

ఆమె తన కుర్చీ నా పక్కకు లాక్కుంది. "ఒక్క పేరు మార్చుకో, పది నిమిషాల పని. రా, నేను చూపిస్తా" అంది. మార్చనన్నాను.

పాత వెర్షనే వాడతానని నా ప్రోగ్రాంలో రాసుకున్నాను. వెంటనే బార్‌కోడ్ వేసే లైబ్రరీ తనకు అక్క లైబ్రరీ కొత్త వెర్షనే కావాలంది. దాని పాతదీ తెచ్చాను. ఆ పాతదానికి ఇంకో పాతది కావాల్సి వచ్చింది. వారం తిరిగేసరికి నా దగ్గర పదకొండు పాత లైబ్రరీలు పోగయ్యాయి. "ఏమప్పా, బళేపేటలో పాత సామాన్ల అంగడి పెట్టినావా?" అంది అక్క. నేను నవ్వలేదు. (క్యాంటీన్‌కి వెళ్లి నవ్వుకున్నాను.) ఆమె చేసే మార్పులేవీ తెరిచి చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. భోజనానికి కూడా విడిగానే. మూత మాత్రం రోజూ నా బల్ల మీదికి వచ్చేది. ముట్టకపోతే సాయంత్రం ఆమే తీసుకెళ్లేది.

ఇంతలో, వచ్చే శుక్రవారం పాత సర్వర్ ఆపేస్తున్నామని మేనేజర్ చెప్పాడు. నా పదకొండు పాతవీ కొత్తదాని మీద నడవవు. "చీటీలు రాకపోతే నీ కన్ఫర్మేషన్ గురించి నేనేమీ చెయ్యలేను" అన్నాడు. ఉద్యోగం పోతుందని అర్థమైంది. అయినా మార్చలేదు. ఎవరెవరు నన్నెలా అవమానించారో రెండు పేజీల ఫిర్యాదు రాసి సిద్ధంగా పెట్టుకున్నాను. కేకు మొదటి పేజీలోనే ఉంది.

శుక్రవారం చీటీలు వచ్చాయి. ఒక్క అక్షరం తప్పు లేదు. "చూసినారా, పాతదే గట్టిది!" అని లేచి నిలబడి అరిచాను. మధ్యాహ్నం ఆ మూల కేకు కోస్తున్న సందడి వినబడింది. కేకుల జోలికి పోకూడదని అదివరకే తీర్మానించుకున్నాను కనక తల తిప్పలేదు. సాయంత్రం అక్క బ్యాగు సర్దుకుంటూ "గట్టోడివే అప్పా" అని, మూత నా బల్ల మీదే వదిలేసి వెళ్లింది.

సోమవారం ఆమె సీటు ఖాళీ. హైదరాబాదులో వేరే ఉద్యోగమట. "నెల ముందే మెయిల్ పెట్టింది గదా, చూడలేదా?" అన్నారు. గ్రూపుకి పెట్టింది.

అప్పుడు ఒట్టు తీసి గట్టున పెట్టి ఆమె ఆఖరి మార్పు తెరిచాను. నా ప్రోగ్రాంలోంచి పదకొండు పాతవీ గురువారమే తీసేసింది; మేనేజర్ సరేనన్నాడు. కొత్త లైబ్రరీలో, నేను పిలిచే పాత పేరును మళ్లీ చేర్చింది, ఆ పేరుతో పిలిచినా కొత్తదే పలికేలా. పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "తమ్ముడి కోసం. కోపం తగ్గినాక తీసేయండి."

ఆ రోజే నా ప్రోగ్రాంలో పేరు మార్చాను. పది నిమిషాలు కాదు, నాలుగే పట్టింది. ఫిర్యాదు చింపేశాను. గ్రూపులో మళ్లీ చేరాను. ఇన్నేళ్లలో ఒక్క మెయిలూ వదల్లేదు. చదవాల్సింది మాత్రం నేను చేరకముందే వచ్చి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఆ లైబ్రరీ నేనే చూసుకుంటాను. మూత నా సొరుగులో ఉంది. వెర్షన్ మార్చిన ప్రతిసారీ కొత్తగా చేరినవాళ్లెవరో అడుగుతారు. మొన్న ఒక అమ్మాయి అడిగింది: "సార్, ఈ పాత పేరు ఎవ్వరూ వాడట్లేదు. డిలీట్ చేసేదా?"

"ఉండనీ అమ్మా."

"కోపం తగ్గినాక తీసేయమని రాసుంది సార్."

"ఇంకా తగ్గలేదు" అన్నాను.

ఆ ఒక్క లైను ఉండాలంటే తగ్గకూడదు మరి.