నల్లతెర మీద పెదనాన్న శ్రీకారం

మొన్న ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి, "సార్, ఫైలు పేరు కమాండు పక్కనే టైపు చేయించుకుందామా, విండో తెరిచి ఎంచుకోమందామా?" అని అడిగింది. నాలో నేను నవ్వుకుంటుంటే అనుమానంగా చూసింది. పాపం, ఆమెకు మా పెదనాన్న తెలియదు.

ఆయన వాకాడులో వరి సేద్యం చేసేవారు. వాళ్లమ్మాయి, మా అక్క పెళ్లి కుదిరినప్పుడు శుభలేఖల కవర్ల మీద అన్ని పేర్లూ చేత్తో రాయలేక, కంప్యూటరు చదువులో ఉన్న నన్ను పిలిపించారు. నేను గొప్పకు పోయి వాళ్లింటి కంప్యూటరులో ఒక ప్రోగ్రాం రాసిచ్చాను. నల్లతెర మీద దాని పేరు కొట్టి, పక్కన చుట్టాల జాబితా ఉన్న ఫైలు పేరు, ఆ పక్కన కవర్ల ఫైలు పేరు కొట్టాలి. మొదటిదాన్ని చదివి రెండోదాంట్లో రాస్తుంది. ఎదురు ప్రశ్నలుండవు. "ఈ ఇంట్లో నా మాట వినేది ఇదొకటే" అని పెదనాన్న తెగ మురిసిపోయారు.

అయితే చిల్లర సామాన్ల చీటీ రాసినా పైన శ్రీ పెట్టందే కలం కదపని మనిషి ఆయన. ఇక్కడా ముందు శ్రీ కొట్టి, తర్వాతే మిగతా రెండు పేర్లూ కొట్టారు. శ్రీ అనే ఫైలు లేదంది ప్రోగ్రాం. నాకు ఫోను చేసి, "ఏందిరా ఇది, శుభమా అని పెళ్లి పని మొదలుపెడితే శ్రీ లేదంటాది?" అన్నారు. తీసేయండి పెదనాన్నా అన్నాను. తీసెయ్యడానికి మనసొప్పక, శ్రీ అనే పేరుతోనే ఒక ఖాళీ ఫైలు తయారుచేసి పెట్టారు. ఈసారి ప్రోగ్రాం నోరెత్తలేదు. మొదటి పేరు శ్రీ కాబట్టి దాంట్లోని శూన్యాన్ని చదివింది. రెండో పేరు చుట్టాల జాబితా కాబట్టి ఆ శూన్యాన్ని దాని మీద రాసేసింది. మూడోదాన్ని చూడనే లేదు. నెలరోజులు కూర్చుకున్న పేర్లన్నీ పోయాయి. ఇంకో కాపీ తీసిపెట్టాలన్న బుద్ధి నాకూ లేకపోయింది. పెళ్లికి పన్నెండు రోజులే ఉన్నాయి. మా వైపు కూరలో ఉప్పు తక్కువైతే సర్దుకుంటారు గానీ పిలుపు తప్పితే మూడు తరాలు చెప్పుకుంటారు.

తలవంచుకుని బస్సు దిగాను. పెదనాన్న తిట్టలేదు. పడక్కుర్చీలో కళ్లు మూసుకుని, "రాసుకోరా" అన్నారు. ఊరి వరసన, వీధి వరసన చెప్పుకుపోతున్నారు. వంటింట్లోంచి పెద్దమ్మ మరిచినవాళ్లను అందిస్తోంది. ముత్తుకూరు దగ్గరికి వచ్చేసరికి ఆయన నోట మా మేనత్త పేరు వచ్చింది. సొంత చెల్లెలే గానీ, పొలం గట్టు తగాదాతో పదకొండేళ్లుగా మాటల్లేవు. పోయిన జాబితాలో ఆవిడ లేదు. నా వేళ్లు ఆగిపోయాయి. పెద్దమ్మ గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఏందిరా నిలిపినావు? మళ్లా చెప్పాల్నా?" అన్నారు పెదనాన్న, కళ్లు తెరవకుండానే.

మేనత్త పెళ్లికి వచ్చింది. పులుసులో చింతపండు ఎక్కువైందని ముగ్గురికి చెప్పి, అన్న భుజం పట్టుకుని ఏడ్చింది. పెళ్లయ్యాక నేను బుద్ధి తెచ్చుకుని, ఫైళ్లన్నీ విండోలో కనపడేట్టు, నొక్కి ఎంచుకునేట్టు మార్చాను. పెదనాన్న చూసి, "బాగానే ఉండాది. ఇందులో శ్రీ యాడ పెట్టేది?" అన్నారు.

ఇప్పుడు ఆ అన్నాచెల్లెళ్లిద్దరూ లేరు. నా ఫోనులో వెయ్యి పేర్లున్నాయి, వేలు ఆనిస్తే ఎవరైనా పలుకుతారు. నిన్న రాత్రి కళ్లు మూసుకుని చెప్పుకుందామని కూర్చుంటే, ఇన్నేళ్ల బతుక్కీ ముప్ఫై పేర్ల దగ్గరే ఆగిపోయాను.