పెండ్లి ముందు రోజు ఆడపడుచుకు అమ్మవారు

పిల్లలూ, మీ అమ్మానాన్నల పెండ్లి వీడియోలో అత్తమ్మ ఎక్కడా లేదేంటని మొన్న అడిగారు కదా. అప్పటికి మీరు పుట్టలేదు, మీకెట్లా తెలుస్తుంది? ఆ రోజు నేను సూర్యాపేటలో, మా అమ్మ ఇంటి వెనక గదిలో, వేపాకుల మీద పడుకొని ఉన్నాను!

నా సంగతి తెలుసు కదా. పుణెలో అయినవాళ్లకు దూరంగా ఇద్దరు పిల్లలతో ఉండేదాన్ని. ఎవరు తుమ్మినా డాక్టర్‌కు ఫోనే. టీకాలన్నీ టైముకు వేయించాను, అమ్మవారు పోయకుండా వేసేది కూడా.

మీ నాన్న పెండ్లి మిర్యాలగూడలో. మా వైపు పిలుపులు నా వంతు. ఫోన్‌లో పిలిస్తే మనవాళ్లు ఊరుకుంటారా? ఇంటికి పోయి బొట్టు పెట్టాలి. అట్లా కోదాడలో మా చిన్నమ్మ ఇంటికి పోతే, గుమ్మానికి వేపకొమ్మ! ఆమె మనవడికి అమ్మవారు పోసిందట. నా పిల్లలకు ఆటో దిగొద్దని చెప్పి నేనొక్కదాన్నే నడిచాను.

"లోపటికి రాకు బిడ్డా, గాడనే ఉండు!" అని చిన్నమ్మ అరిచింది.

"పిల్లలకు గదా వచ్చేది చిన్నమ్మా! నాకేమయితది?"

బొట్టు పెట్టాను. చాయ్ తాగాను. మనవడి పక్కన కూర్చొని నుదురు కూడా నిమిరాను.

ఇగ రోజూ పొద్దున్నే నా పిల్లల్ని కిటికీ దగ్గర నిలబెట్టి వీపులు, పొట్టలు వెతకడమే పని. రెండు వారాలైనా ఒక్క పొక్కు లేదు. గెలిచాననుకున్నాను! పెండ్లి ముందు రోజు ఒళ్లునొప్పులు, జ్వరం. పనుల అలసట అనుకున్నాను. మా అమ్మాయి నాకు జడ వేస్తూ ఆగిపోయింది.

"అమ్మా, నీ మెడ మీద నీళ్ల పొక్కులేంటి?"

డాక్టర్ చూసి, "చిన్నప్పుడు రాలేదా మేడం?" అన్నాడు.

మా అమ్మే జవాబు చెప్పింది. "యాడ వస్తది సార్? తమ్మునికి పోసినప్పుడు దీన్ని గరిడేపల్లిల చుట్టాలింటికి తోలిన, అంటుకోవద్దని."

"అందుకే! ఒకప్పుడు ఈ జబ్బుతో పిల్లలే వచ్చేవాళ్లు. ఇప్పుడు టీకా పడ్డ పిల్లలు తప్పించుకుంటున్నారు, చిన్నప్పుడు రాని పెద్దలు దొరికిపోతున్నారు. పెద్దలకు బాధ కూడా ఎక్కువే. పొక్కులు ఎండేదాకా గది దాటొద్దు."

"సార్, రేపు తమ్ముడి పెండ్లి! నేను ఆడపడుచును!"

"అయితే పెండ్లికూతురికి అంటిస్తరా?"

వెనక గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను.

ఆ గదిలో దురద కన్నా ఒక ఆలోచన ఎక్కువ తొలిచింది. ఇన్నేండ్లు బళ్లల్లో, బస్సుల్లో తిరిగినా అంటని జబ్బు, చిన్నమ్మ మనవడి పక్కన ఒక్క పూట కూర్చుంటే పట్టుకుంది. పిల్లల సూదుల కోసం అన్నిసార్లు దవాఖానకు పోయినదాన్ని, నా సంగతేంటని ఒక్కసారైనా డాక్టర్‌ను ఎందుకు అడగలేదు?

పెండ్లిలో నా జాగాలో మా అమ్మాయి నిలబడింది, నా పట్టుచీర కట్టుకొని. ఆడపడుచుకు పెట్టిన చీర కూడా దానికే పోయింది. ఇప్పటికీ అడిగితే, "నిలబడ్డది నేను గదా!" అంటది.

పిల్లలూ, ఈ కథ మీ దోస్తులకు చెప్పండి. వాళ్ల అమ్మానాన్నలకు చిన్నప్పుడు అమ్మవారు పోసిందో లేదో అడగమనండి. పోయలేదంటే, టీకా సంగతి అడగడానికి ఒకసారి డాక్టర్ దగ్గరికి తోలమనండి. నా పేరు మాత్రం వద్దు. "బాగా జాగ్రత్త గల ఒక అత్తమ్మ" అనండి, చాలు.