డెబ్బై పెద్దదా, పది పాయింట్ తొమ్మిది పెద్దదా

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. సంగారెడ్డిలో మెకానికల్ ఇంజినీరింగ్ పూర్తిచేసి, గడ్డపోతారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరి నాలుగు నెలలైంది. (ఇప్పుడు పన్నెండేళ్ల అనుభవం వచ్చింది కనుక తెలియనివి చాలా ఉన్నాయి.) ఆ ఫ్యాక్టరీలో పైపుల నుంచి గరాటాల దాకా అంతా స్టెయిన్‌లెస్ స్టీలే. యాసిడ్ పోసినా తళతళలాడుతూనే ఉండేది. దాంతో ఈ లోకంలో మెరిసేదంతా గట్టిదేనని నాకొక సిద్ధాంతం ఏర్పడింది.

మా బాబాయి కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడొక పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. ఆ నెలాఖరున రిటైర్మెంటు. ఆయన కోరిక ఒక్కటే: మెడలో దండతో, తన వ్యాన్ తానే నడుపుకుంటూ ఆ గేటు దాటాలి. వ్యాన్‌కు మాత్రం అలాంటి కోరికలేమీ లేవు. ఇంజిన్ బలాన్ని వెనక చక్రాలకు చేరవేసే షాఫ్ట్ అరిగిపోయి, మూడో గేరు వేస్తే లోపలున్న అందరికీ ఒకేసారి చలిజ్వరం వచ్చేది. కంపెనీ షాఫ్ట్ దొరకలేదు, బయటి తయారీది తెప్పించాం. డబ్బాలో షాఫ్ట్ ఉంది, బోల్టులు లేవు.

పోతిరెడ్డిపల్లిలో షెడ్డు నడిపే మెకానిక్‌ను అందరూ పానా భాయ్ అనేవారు. (చేతిలో పానా లేకుండా ఆయన్ను చూసినవాళ్లు లేరు.) ఆయన వ్యాన్ కింద నుంచే తీర్పు చెప్పాడు.

"పాతయి మల్ల ఎయ్యద్దు తమ్మీ. కొత్తయి నాలుగు పట్కరా. నల్లగుంటయి, తల మీద పది పాయింట్ తొమ్మిది అని ఉంటది. గవ్వే తేవాలె. సమజైందా?"

సమజైంది. అందుకే పటాన్‌చెరు వెళ్లి వేరేవి కొన్నాను.

కొట్టులో సేఠ్ రెండు రకాలూ బల్లమీద పెట్టాడు. ఒకటి నల్లగా, జిడ్డుగా, ఎవరితోనో గొడవపడి వచ్చినట్టుంది. రెండోది మా ఫ్యాక్టరీ చుట్టంలా మెరుస్తోంది. తిప్పి చూస్తే తలమీద డెబ్బై అని ఉంది. నా నాలుగేళ్ల చదువూ ఒక్కసారిగా అక్కరకొచ్చింది: పది పాయింట్ తొమ్మిది కంటే డెబ్బై పెద్దది.

"షాఫ్టుకైతే నల్లయి తీస్కపోండ్రి సార్," అన్నాడు సేఠ్.

"నంబర్ చూశారా మీరు?"

"సార్ ఇంజినీరా?"

"అవును."

"గదే అనుకున్న," అంటూ మెరిసేవి పొట్లం కట్టాడు. మెచ్చుకోలు అనుకున్నాను.

పానా భాయ్ పొట్లం విప్పి, ఒక బోల్టును వెలుగులో తిప్పి చూశాడు. "మంచిగున్నయి. నీళ్ల ట్యాంకు మూతకు పెట్టుకో. షాఫ్టుకైతే నా చేత్తోని ఎయ్య."

ఏ అంకె పెద్దదో ఆయనకు ఓపికగా వివరించాను. ఆయన ఇంకా ఓపికగా విని, "మస్తు చెప్పినవ్. ఇగ నువ్వే బిగించుకో," అని పానా నా చేతిలో పెట్టాడు.

ఆదివారం మా ఇంటి ముందు నేనే బిగించాను. "ఏరా, భాయ్ వద్దన్నాడటగా?" అన్నాడు బాబాయి పక్కన గొంతుకూర్చుని.

"ఆయన టెన్త్ ఫెయిల్, బాబాయ్."

"అలాగైతే సరేలే," అన్నాడు పాపం, ఇంజినీరు ఇంట్లో ఉన్న గర్వంతో.

ఆఖరి రోజు మధ్యాహ్నం ప్రసంగాలయ్యాయి, దండలు పడ్డాయి. ఇంటిదాకా దింపుతామని డిపార్ట్‌మెంటు వాళ్లు ఆరుగురు వెనకెక్కారు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను సెల్యూట్ కొట్టాడు. బాబాయి హుందాగా తల పంకించి క్లచ్ వదిలాడు. కింద ధడేల్‌మంది. ఇంజిన్ గర్జిస్తోంది, వ్యాన్ కదలడం లేదు. సెల్యూట్ కొట్టిన చెయ్యి ఎప్పుడు దించాలో తెలియక ఆ మనిషి అలాగే నిలబడ్డాడు. చివరికి ఆరుగురూ దిగి నెడితే మా బాబాయి, దండతో, స్టీరింగ్ పట్టుకుని గేటు దాటాడు. నాలుగు బోల్టుల్లో మూడు తెగాయి. (నాలుగోది వంగి ఊరుకుంది.)

ఫోన్ చేస్తే గంటకు పానా భాయ్ స్కూటర్ మీద వచ్చాడు. చొక్కా జేబులోంచి నాలుగు నల్ల బోల్టులు తీశాడు. "సోమవారమే తెచ్చి పెట్టిన. ఫోన్ ఎప్పుడొస్తదా అని సూస్తున్న. గా డెబ్బైని పదితోని గుణించు. గీ పదిని నూరుతోని గుణించు. గప్పుడొచ్చేదే బోల్టు బలం. ఇగ చెప్పు ఇంజినీర్ సాబ్, ఏది పెద్దది?"

ఏడు వందలు, వెయ్యి.

ఆయన ఆరుగురినీ ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "గేటు కాడ తెగింది, నసీబ్ మంచిగుంది. హైవే మీద స్పీడుల తెగితే?"

బాబాయి ఏమంటాడోనని వెతికితే, ఎదురుగా టీ బండి దగ్గర బల్లమీద కూర్చుని ఉన్నాడు. అప్పుడే షిఫ్టు వదిలారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు ఆగి, చెయ్యి కలిపి, టీ తాగుతున్నారు. వ్యాన్ సిద్ధమని చెబితే, "అప్పుడేనా?" అన్నాడు.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ట్రైనీలకు తెలియని విషయమంటూ ఉండదు. వాళ్లు మరీ విజృంభించినప్పుడు సొరుగులోంచి ఒక తెగిన బోల్టు తీసి చూపిస్తాను. పన్నెండేళ్లైనా దానిమీద చుక్క తుప్పు లేదు. ఆ ఒక్క విషయంలో మాత్రం నా లెక్క తప్పలేదు.