డి డ్రైవ్‌లో కాపీ

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఓ చిన్న కంపెనీలో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. డిజైన్ మొదలైన రోజే మా లీడ్‌తో నాకు చెడింది. డిస్క్‌లో విడగొట్టిన ముక్కని పార్టిషన్ అంటారు; కోడ్‌లో ఆ పార్టిషన్ క్లాసును ఆయన డిస్క్ క్లాసు నుంచి ఇన్‌హెరిట్ చేయించాడు. అంటే పార్టిషన్ కూడా ఒకరకం డిస్కే అన్నమాట.

"రెండిట్ల రాస్తం, రెండిట్ల చదువుతం. ఒక్కసారి కోడ్ రాస్తే అయిపాయె," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "డిస్క్ ఇల్లయితే పార్టిషన్ అందులో గది. గదిని ఇల్లంటామా సార్?" అన్నాను. అందరూ నవ్వారు. ఆయన మాటే నెగ్గింది.

దాంతో, కాపీ వేరే డిస్క్‌లో ఉండాలన్న మా నియమానికి అదే డిస్క్‌లోని ఇంకో ముక్క కూడా సరిపోయింది. ఇక్కడ కంప్యూటర్ అసెంబుల్ చేసేవాళ్ళు ఒక్క డిస్క్‌నే సి, డి, ఇ డ్రైవ్‌లుగా విడగొట్టి ఇస్తారు. సి పోయినా డి ఉంటుందని ధైర్యం కూడా చెబుతారు.

ఉప్పల్‌లో మా ఇంటి కింద ఫొటో స్టూడియో ఉంది. అక్కడ మా సాఫ్ట్‌వేరే వాడేవారు. ఓ ఆదివారం పొద్దున ఓనరు పిలిచాడు.

"కంప్యూటర్ల టకటక సప్పుడొస్తున్నది. జర సూడున్రి అక్కా."

విన్నాను. డిస్క్ ఆఖరి దశలో ఉంది. అందులో మొన్నటి పెళ్ళి ఫొటోలన్నీ ఉన్నాయి.

"ఫికర్ లేదక్కా. డి డ్రైవ్‌ల ఇంకో కాపీ ఉన్నది, మీ సాఫ్ట్‌వేర్ల పచ్చ టిక్కు గుడ వచ్చింది. అందుకే కెమెరా కార్డులు ఖాళీ జేసిన, రేపు ఇంకో పెండ్లున్నది."

సీపీయూ డబ్బా విప్పి చూపించాను. లోపల ఒక్కటే డిస్క్.

బయటి హార్డ్‌డిస్క్ తగిలించి కాపీ మొదలుపెట్టాను. మంగళస్నానాలు వచ్చాయి, ఎదుర్కోళ్ళు వచ్చాయి. జీలకర్ర బెల్లం దగ్గర ఆగి, కదిలి, మళ్ళీ ఆగింది. భయంతో నేను మౌస్ కూడా ముట్టుకోలేదు. కాసేపటికి ఆ టకటక కూడా ఆగిపోయింది.

"ఇగ డి తెరువున్రి," అన్నాడు, ఇంకా ఆశతో. డి కూడా లేదు. ఆ రోజు ఆఫీసులో నవ్విన ప్రతి మొహాన్నీ మనసులో తిట్టుకున్నాను.

అంతలో అతని ఫోన్ మోగింది. పెళ్ళికూతురు. ఎత్తి నా చేతిలో పెట్టాడు.

"నాకు నోరొస్తలేదు. మీరే చెప్పున్రి."

"తాళి కట్టేటప్పటి ఫొటోలు ఎప్పుడిస్తరు?" అడిగింది ఆ అమ్మాయి.

అవి పోయాయని చెప్పాను.

"రెండు డిస్కుల్ల దాచినమని స్టూడియో అన్న చెప్పిండు గదా?"

"ఉన్నది ఒక్కటే అమ్మా," అన్నాను.