కొరకంచు గొంతు

నీళ్ళ టిన్నులాయన నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. ఆ వీధిలో ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు. ఆకారం చూస్తే మాత్రం గుమ్మానికి అడ్డంగా నిలబడితే వెలుతురు లోపలికి రాదు. నిండు టిన్ను భుజానికెత్తుకుని పై అంతస్తు దాకా ఎక్కడా ఆగకుండా ఎక్కుతాడు. వంటగదిలో ఖాళీది తీసి కొత్తది బోర్లించి, ఒలికిన చుక్కల్ని తన తువ్వాలుతోనే తుడిచి, "వస్తానండీ" అని నెమ్మదిగా బయటపడతాడు. కుక్కపిల్ల మొరిగినా గోడకు అతుక్కుపోతాడు. ఆయన భార్యకు ఇది పెద్ద తలవంపు.

అలాంటి మనిషి శనివారం సాయంత్రమయ్యేసరికి కొరకంచు అయిపోతాడు.

మార్కెట్టు వెనక పాత గిడ్డంగిలో వారం వారం కుస్తీ షో నడుస్తుంది. ఎవరు పడాలో, ఎవరు లేవాలో, కుర్చీ ఎవరి వీపు మీద విరగాలో ముందే మాట్లాడుకుంటారు. కుర్చీ కాళ్ళు కూడా ముందే సగం కోసి ఉంచుతారు. ఈ సంగతి చూసేవాళ్ళలో సగం మందికి తెలుసు, మిగతా సగానికి తెలుసుకోవాలని లేదు. హీరో ఆయన బావమరిదే, మామూలు రోజుల్లో కరెంటు పని చేస్తాడు. విలన్ ఈయన, రింగులో పేరు కొరకంచు. నల్ల ముసుగు, దాని మీద ఎర్రటి మంటలు, గొంతులో కంకర పోసినట్టు ఒక బొంగురు కేక. విలన్ పనల్లా జనం చేత తిట్లు తినడం. ఎంత తిట్టించుకుంటే అంత మంచి పనివాడు.

ఆ పనికో కట్టుబాటుంది. ముసుగు వేసుకున్నాక ఇల్లు చేరి తలుపు వేసుకునేదాకా విలనే. దారిలో పసిపిల్ల చూసి నవ్వినా తిరిగి నవ్వకూడదు, బస్సులో కండక్టరు బాగున్నావా అంటే పళ్ళు నూరాలి. షో యజమాని ఈ ఒక్క విషయంలో తండ్రి మాట కూడా వినడు. ముసుగు వెనక ఎవరున్నారో ఊరంతటికీ తెలుసు, అయినా ఆయన ఒక్కసారి కూడా వేషం తప్పలేదు.

మరి రింగులో జనాన్ని రెచ్చగొట్టే మాటలెక్కడివంటారా? వంటగదుల్లోంచి. నీళ్ళాయన ఎదుట జనం ఫ్రిజ్ ఎదుట మాట్లాడినట్టు మాట్లాడతారు. ఒక ఇంట్లో కుస్తీ అంతా బూటకమంటారు, పక్కింట్లో అదొక్కటే నిజమంటారు. మూడో అంతస్తులో రిటైరైన పెద్దాయనకు మాత్రం ఒక్కటే గొడవ: ఏటవతలివాళ్ళు. ఏరు దాటి పనికోసం వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు. వాళ్ళ యాస ఆయనకు పడదు, వాళ్ళ రేడియో పడదు. బడి గేటు మీద మన భాష కింద వాళ్ళ భాషలో కూడా బోర్డు పెట్టాలని ఎవరో అడిగినప్పటి నుంచి ఆయనకు నిద్ర లేదు. ఎదురు వాటాలో టీచరమ్మ బోర్డు పెడితే ఏం పోయిందంటుంది. నీళ్ళాయన ఇద్దరికీ "అవునండీ" అనేవాడు. నిజం చెప్పాలంటే ఆయనకంటూ ఒక అభిప్రాయం లేదు, ఉండాలన్న ఆలోచన కూడా ఎప్పుడూ రాలేదు.

ఒక శనివారం పెద్దాయన మాటలే రింగులో అరిచాడు. "ఏటవతలివాళ్ళని ఏట్లోనే కలపండిరా!" గిడ్డంగి అదిరిపోయేలా "థూ" అన్నారు. ముందు వరసలో ఆ పెద్దాయనే లేచి నిలబడి, చెప్పు చేతికి తీసుకుని మరీ తిట్టాడు. ఇంటికెళ్ళి ఆ సంగతి చెప్పి నీళ్ళాయన, ఆయన భార్య కడుపు పట్టుకుని నవ్వారు. పై వాటాలో ఉండే కుట్టక్క కూడా దిగి వచ్చి నవ్వింది.

కుట్టక్క అంటే ఆ ముసుగు కుట్టే ఆవిడ. ఏటవతలి మనిషే. ఒంటరిగా ఉంటుంది, పొద్దస్తమానం మిషను తొక్కుతూనే ఉంటుంది. ఇల్లు మారి వచ్చిన రోజున ఆ ఇనప కాళ్ళ మిషను ఎవరూ మెట్లెక్కించలేకపోతే నీళ్ళాయనే భుజాన వేసుకుని పైకి చేర్చాడు. అప్పటి నుంచి తమ్ముడంటుంది. "మమ్మల్ని ఇంకొంచెం గట్టిగా తిట్టు తమ్ముడూ, ఇట్లా అయితే గిడ్డంగి నిండదు" అని వేళాకోళం కూడా చేసేది.

ఆ తర్వాత బడి గేటు దగ్గర నిజంగానే తోపులాట జరిగింది. ఎవరివో తలలు పగిలాయి. ఆ వారం షోలో ఆయన ఎప్పటి మాటే అన్నాడు, "థూ" కోసం చెవి ఒగ్గాడు. రాలేదు. వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఒకటి, రెండు, పదుల కొద్దీ. ఎర్ర చొక్కా వేసుకున్న మనిషొకడు బెంచీ ఎక్కి "చెప్పన్నా! ఇన్నాళ్ళకు ఒకడు నిజం చెప్పాడు!" అని అరిచాడు. ఎన్నో ఏళ్ళుగా తిట్లు తిన్నాడు, ఏనాడూ భయం వేయలేదు. ఆ చప్పట్లకు మాత్రం గుండె జారిపోయింది.

"ఆ మాట తీసేద్దామండీ, నాకు భయంగా ఉంది" అన్నాడు యజమానితో.

"పిచ్చివాడా! నిలబడ్డానికి చోటు లేకుండా వస్తున్నారు. తీసేస్తే నిన్ను తీసెయ్యాలి."

నీళ్ళాయన ఎదురు చెప్పి ఎరగడు. మరుసటి శనివారం కూడా రింగెక్కాడు. ఈసారి సగం గిడ్డంగి చప్పట్లు, సగం తిట్లు, మధ్యలో ఆయన. ఎలాగైనా అందరూ కలిసి "థూ" అనేలా చేయాలనుకున్నాడు. మనిషన్నవాడు సహించలేని మాట ఒకటి అంటే చాలు, మళ్ళీ పాత రోజులు వచ్చేస్తాయనుకున్నాడు. అక్కడే నోరు జారాడు. "మా ఇంటి నెత్తిమీదే ఉందొకతి! పొద్దస్తమానం మిషను టకటకలాడిస్తుంది! మెట్ల మీంచి దొర్లిస్తా చూడండి!" అన్నాడు. ఒంటరి ఆడమనిషిని అంత మాటంటే ఎవరైనా ఛీ కొడతారు కదా అని ఆయన లెక్క. ఎవరూ ఛీ కొట్టలేదు. గిడ్డంగి రేకులు ఎగిరిపోయేలా ఈలలు వేశారు.

ఇంటికొచ్చేసరికి పై వాటాలో మిషను చప్పుడు లేదు. ఎవరో ఫోన్లో తీసి ఊరంతా పంపారని భార్య చెప్పింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. "అక్క పొద్దున ఎదురుపడితే తల తిప్పుకుంటుందేమోనండీ" అంది.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం. భార్య పుట్టింటికి వెళ్ళింది. ఆయన మెట్ల కింద ఖాళీ టిన్నులు కడుగుతుంటే ముగ్గురు మనుషులు గేటు తోసుకుని వచ్చారు. ముందున్నది ఎర్ర చొక్కా. రెండోవాడి చేతిలో పెయింటు డబ్బా, మూడోవాడి చేతిలో గునపం. చూడగానే ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి.

"అన్నా, నువ్వు మాటన్నావు, మేం పనికొచ్చాం. పైనేగా?" అన్నాడు ఎర్ర చొక్కా, పెళ్ళికి పిలవడానికొచ్చినంత మర్యాదగా.

ఆయన చేతులు జోడించాడు. "బాబూ, అదంతా షో అండీ. తిట్టించుకోవడం కోసం అన్న మాటలు. ఆవిడ మా అక్క లాంటిది. నా ముసుగు కుట్టేది ఆవిడేనండీ. మీకు పుణ్యముంటుంది, వెళ్ళిపొండి."

ముగ్గురూ ముఖాలు చూసుకున్నారు. ఫక్కున నవ్వారు.

"అబ్బ, ఏం యాక్టింగన్నా! కళ్ళలో నీళ్ళు కూడా తెప్పించాడురా!" అన్నాడు గునపం మనిషి.

ఎర్ర చొక్కా కన్ను గీటి గొంతు తగ్గించాడు. "చుట్టుపక్కలవాళ్ళు వింటున్నారనేగా? అర్థమైందిలే. నువ్వు ఏమీ చూడలేదు, నీకేం తెలియదు. మేం చూసుకుంటాం."

ఆయన మళ్ళీ బతిమాలాడు. ఒట్టేశాడు. కాళ్ళు పట్టుకోబోయాడు. ఎంత మెత్తగా చెబితే అంత నవ్వారు. పుట్టిన దగ్గర్నుంచి ఉన్న గొంతు అది, అదే వాళ్ళకు వేషంలా కనిపించింది. ఎర్ర చొక్కా మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. పైన కిటికీ తెర కదిలింది.

ఆ తర్వాత ఏం చేశాడో ఆయనకే తెలియదు. ఆ భయంలోనే కడుపులోంచి ఆ కేక వచ్చింది. ముసుగు లేకుండా, పట్టపగలు, సొంత ఇంటి మెట్ల దగ్గర.

"ఆగరా!"

ముగ్గురూ బిగుసుకుపోయారు.

"ఈ మెట్లు నావి! ఆ తలుపు నాది! పైనున్నదాని అంతు నేను చూస్తాను! కొరకంచు వేట మీద చెయ్యేసే మగాడెవడ్రా? దాని మీద గీత పడిందా, గీసినవాడి చెయ్యి విరిచి పొయ్యిలో పెడతాను! నడవండి!"

ఎర్ర చొక్కా కాలు వెనక్కి తీశాడు. వాడి ముఖం వెలిగిపోతోంది. దేవుడు కనిపించినట్టు చూస్తున్నాడు. "అదీ మా అన్న అంటే! నీ వేట నీదేనన్నా, మాకెందుకు?" అని పెయింటు డబ్బా తెచ్చి ఆయన చేతిలోనే పెట్టాడు. "పని కానిచ్చాక చెప్పు." గేటు వేసి మరీ వెళ్ళారు.

ఆయన డబ్బా పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. పోయారు, అది చాలు. ముందు అక్కకు చెప్పాలి. ఇవాళే ఎక్కడికైనా, వాళ్ళవాళ్ళ దగ్గరికైనా దింపి రావాలి, రేపు ఎందుకు చేయలేదని ఎర్ర చొక్కావాళ్ళు అడగడానికొస్తారు. డబ్బా కింద పడేసి గోడ పట్టుకుని మెట్లెక్కాడు. తలుపు మీద వేళ్ళతో మెల్లగా తట్టాడు.

"అక్కా, నేనే" అన్నాడు.

అనగానే ఆయనే ఉలిక్కిపడ్డాడు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. వచ్చింది కొరకంచు గొంతే. దగ్గి, గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. మళ్ళీ అదే వచ్చింది.

లోపల గడియ పడింది. దాని మీద రెండో గడియ పడింది. కాసేపటికి గచ్చు మీద ఏదో బరువైనది ఈడుస్తున్న చప్పుడు. ఇనప కాళ్ళు కీచుమంటూ అంగుళం అంగుళం జరిగి వచ్చి తలుపుకు ఆనుకున్నాయి. అంత బరువు ఒక్క ఆడమనిషి ఎలా లాగుతోందో ఆయనకు తెలియలేదు. దాన్ని ఈ మెట్ల మీదుగా పైకి మోసుకొచ్చింది ఆయనే.