సద్ది గిన్నె కోసం కాదు

ఇరవై రెండేళ్లుగా నేనొక గిన్నె మోస్తున్నాను. స్టీలు గిన్నె, మూత మీద పేరు చెక్కించినది. నాది కాదు. ఇప్పుడు అది ఎక్కడుందో కూడా నాకు తెలియదు. దాని బరువు మాత్రం బాగా తెలుసు. మీకే ఎందుకు చెబుతున్నానంటే, మీరు నన్ను ఎరుగరు. ఎరిగినవాళ్ల సంగతి తర్వాత వస్తుంది.

గోదావరిఖనిలో, ఇప్పుడు మూతపడిన ఒక భూగర్భ గనిలో, ఊరే నీటిని పైకి తోడే పంపు దగ్గర నా డ్యూటీ. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. తర్వాతి చదువంతా కాలనీ లైబ్రరీ పెట్టిన భిక్ష. కిటికీ పక్క కుర్చీ నాదని అక్కడి పాత పాఠకులందరికీ తెలుసు. గర్వంగానే చెబుతున్నాను. ఈ గర్వం సంగతి గుర్తుపెట్టుకోండి. నేను చేసిన తప్పు అందులోంచే వచ్చింది.

రిటైరయ్యాక, ఐదేళ్లుగా, ఆదివారం సాయంత్రాలు జనాన్ని వెంటబెట్టుకుని ఊరంతా నడుస్తున్నాను. ఈ బొగ్గు పట్టణం చీకటి రోజుల గురించి చెబుతాను. పెద్దపల్లి నుంచి టీచర్లు వస్తారు. కాలేజీ పిల్లలు వస్తారు. ఇక్కడే పుట్టి పెరిగి ఏమీ తెలియనివాళ్లూ వస్తారు. పాతకాలపు కాంట్రాక్టర్లు కూలీలను కుక్కిన రేకుల షెడ్ల జాగా, జ్వరాలొచ్చిన ఏడాది వరసగా తవ్విన సమాధులు, అన్నీ చూపిస్తాను. చివరికి ఇటుక గోడ కట్టి మూసేసిన గని నోటి దగ్గర ఆగుతాం. అక్కడ నేను గొంతు తగ్గిస్తాను.

అక్కడ చెప్పే కథ చిన్నదే. దానియేలు అని ఒక ఫిల్లర్, అంటే తట్టతో బొగ్గు ఎత్తి టబ్బులు నింపే మనిషి. మొదటి షిఫ్టు అయిపోయి పైకి వస్తూ, అన్నం కట్టుకెళ్లిన సద్ది గిన్నె లోపల మర్చిపోయానని వెనక్కి వెళ్లాడు. పైకప్పు కూలింది. ఒక గిన్నె కోసం ఒక ప్రాణం. అంతే చెప్పి ఊరుకుంటాను. కాసేపు ఎవరూ మాట్లాడరు. ఒక టీచరమ్మ కళ్లు తుడుచుకుంటూ డైరీలో రాసుకుంది. ఆ కథకు ఏటా మెరుగులు పెట్టాను. గిన్నె అడుగున మిగిలిన మామిడికాయ తొక్కు వాసన కూడా కలిపాను. నిజాయితీగా చెప్పాలంటే, ఆ నిశ్శబ్దం నాకు ఇష్టంగా ఉండేది.

కథ అబద్ధం. మొదటిసారి ఆ అబద్ధాన్ని గని లోపలే, శవం పక్కన నిలబడి చెప్పాను.

జరిగింది ఇది. పంపు దగ్గర గంటల తరబడి ఒక్కణ్ణే ఉండాలి. నేను టోపీ లైటు వెలుగులో చదువుకునేవాణ్ణి. డ్యూటీలో చదవకూడదు, అయినా చదివేవాణ్ణి. ఆ రోజుల్లో పాత కోటల మీద లావుపాటి చరిత్ర పుస్తకం ఒకటి నడుస్తోంది. పాలిథీన్ కవర్లో చుట్టి తీసుకెళ్లేవాణ్ణి. దాన్ని తిరిగి ఇవ్వాల్సిన గడువు ఆ సాయంత్రమే. లైబ్రరీ కార్డు మీద నాకు ఒక్క ఆలస్యం గుర్తు కూడా లేదు. షిఫ్టు అయ్యాక సగం దూరం పైకి ఎక్కాక గుర్తొచ్చింది, పుస్తకం పంపు పక్కన దిమ్మె మీదే ఉండిపోయిందని. మళ్లీ దిగబుద్ధి కాలేదు. ఎంత చిన్న బద్ధకం అది! కింద నుంచి దానియేలన్న వస్తున్నాడు, సద్ది గిన్నె చేతిలో ఊపుకుంటూ.

"అన్నా, నీకైతే దగ్గర. పంపు కాడ నా పుస్తకమున్నది, జర తెస్తవా?"

"మళ్ల పుస్తకమేనారా? గీ బొగ్గుల నీకు అచ్చరాలు ఎట్ల కనవడతయ్?" అని నవ్వాడు. "గింత సదివి కలెక్టరైతవా ఏంది?"

"అయితే నిన్నే బంట్రోతును చేస్త."

"సరే గాని కలెక్టర్ సాబ్, నువ్వు పైకి పో. జల్దినే వస్త."

వెనక్కి తిరిగాడు. కొద్దిసేపటికి పైకప్పు కూలిన చప్పుడు వచ్చింది. నేను, మా షిఫ్టు పని చూసే సర్దారు, మరో ఇద్దరు కిందికి పరుగెత్తాం. ముందుగా చేరింది నేనే. గిన్నె ఆయన కుడిచేతి పక్కన పడి ఉంది, మూత కూడా ఊడలేదు. పుస్తకం చొక్కా లోపల ఉంది. పైనుంచి నీళ్లు కారే చోటది. పుస్తకం తడవకూడదని దాచుకుని ఉంటాడు. మిగతావాళ్లు వచ్చేలోగా దాన్ని తీసి నా చొక్కాలో పెట్టుకున్నాను. ముందు పుస్తకం తీశానా, ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూశానా? చాలా ఏళ్లు నన్ను నేను అడుగుతూ వచ్చాను. పుస్తకమే ముందు తీశాను.

"ఈయన మళ్ల లోపటికెందుకు పోయిండు?" అని అడిగాడు వెనకే దిగి వచ్చిన ఓవర్‌మన్, సర్దారుకు పై అధికారి.

"సద్ది గిన్నె మర్చిపోయిండు సార్" అన్నాను.

గిన్నె అక్కడే ఉంది కాబట్టి అందరూ నమ్మారు. నాలుగు రోజులకు పుస్తకం లైబ్రరీలో ఇచ్చేశాను. నా కార్డు మీద ఆలస్యం గుర్తు పడింది. ఏ గుర్తు పడకూడదని ఒక మనిషిని వెనక్కి పంపానో, అదే గుర్తు.

ఇన్నేళ్లూ నాకు నేను ఒక సమాధానం చెప్పుకున్నాను. చనిపోయిన మనిషి తన గిన్నె కోసం పోతేనేం, నా పుస్తకం కోసం పోతేనేం, ఇంటివాళ్లకు వచ్చే నష్టం ఒకటే కదా అని. ఆయన భార్య మరియమ్మ వదినకు దవాఖానలో ఆయా పని వచ్చింది. కొడుకు పెద్దవాడై పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో డంపర్ లారీ నడుపుతున్నాడు. ఎవరికీ కొత్తగా పోయింది ఏమీ లేదనుకున్నాను. అంత సుఖంగా అనుకున్నాను. పొద్దున టీ, మధ్యాహ్నం లైబ్రరీ, ఆదివారం నడక. ఒప్పుకుంటున్నాను, నిద్ర కూడా బాగానే పట్టేది.

పోయిన నెల ఒక ఆదివారం, చర్చి స్త్రీలు నడకకు వచ్చారు. వాళ్లలో మరియమ్మ వదిన ఉంది. ఆమెను చూశాక కూడా కథ మార్చలేకపోయాను. అలవాటైన మాటలు వాటంతట అవే వచ్చేశాయి, తొక్కు వాసనతో సహా. అందరూ ముందుకు కదిలాక ఆమె గోడ దగ్గరే ఆగింది.

"మంచిగ చెప్పినవ్ తమ్మీ. గాని తొక్కు కాదు, ఆ పొద్దు చింతకాయ పచ్చడి" అంది. తర్వాత గోడను చూస్తూ అంది. "గా ముందటి వారమే ఒక గిన్నె పోగొట్టిండు. కొత్తది కొని పేరు చెక్కిచ్చి, 'ఇది గిట్ల మర్చిపోయి వచ్చినవనుకో, ఇంట్లకు రానియ్య' అన్న. పరాచికానికే అన్న తమ్మీ. నవ్వుకుంట పోయిండు. నా మాటకు భయపడే మళ్ల దిగిండు. అప్పటిసంది నేను ఎవరికీ సద్ది కట్టలే. కొడుక్కు గూడ."

ఆమె కొడుకు ఖాళీ చేతులతో డ్యూటీకి పోవడం నేను ఏళ్లుగా చూస్తున్నాను. "మీ అమ్మకు వంట రాదారా?" అని తోటివాళ్లు ఏడిపిస్తుంటే విన్నాను. క్యాంటీన్ భోజనం రుచి కాబోలు అనుకున్నాను. ఇన్ని పుస్తకాలు చదివినవాడికి ఆ ఒక్క సంగతి చదవడం రాలేదు. నా అబద్ధం ఊరికే గాలిలో తేలడం లేదు. నేరుగా ఆమె ఇంటికి పోయి, ఆమె ఆడిన ఒక పరాచికం మాట మీద కూర్చుంది. ఇరవై రెండేళ్లుగా ఆ మాటను ఆమె హత్యలా మోస్తోంది.

అయినా ఆ సాయంత్రం నోరు రాలేదు. మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు పొద్దున వాళ్లింటికి వెళ్లాను. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. ఆమె గడపలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నిలబడే చెప్పాను. పుస్తకం, దిమ్మె, చొక్కా, ఓవర్‌మన్‌తో అన్న మాట, అన్నీ. గిన్నె ఆయన చేతిలోనే ఉండింది, ఆయన దాన్ని మర్చిపోలేదు వదినా, అని రెండుసార్లు చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు. తన చర్చిలో క్షమాపణ మాట ప్రతివారం వినే మనిషి కదా, ఆ మాట అంటుందేమోనని ఎక్కడో ఆశపడ్డాను. అనలేదు. చాట పక్కన పెట్టి ఒకటే అడిగింది.

"గా బుక్కు ఇంకా ఉన్నదా?"

ఉంది. ఆమెను లైబ్రరీకి తీసుకెళ్లాను. అట్ట మారింది, లోపలి కాగితాలు అవే. ఒక పేజీ అంచున బొటనవేలు మేర బొగ్గు మరక ఉంది. ఆమెకు చదువు రాదు. ఆ మరకను చూసింది.

"ఇది ఆయనదేనా?"

అడిగింది ఇంకొకరైతే, అదే గని గోడ దగ్గరైతే, అవునని చెప్పి గొంతు తగ్గించేవాణ్ణి. ఎంత మంచి కథ అయ్యేది!

"తెల్వది వదినా. నాది గూడ కావచ్చు" అన్నాను.

ఆమె దాని మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. పుస్తకం మూసి నా చేతికిచ్చింది. పిలగాడు వచ్చే టైమైందని వెళ్లిపోయింది. మళ్లీ మా ఇంటివైపు రాలేదు. వస్తుందని నేను అనుకోవడం లేదు.

ఆ తర్వాతి ఆదివారం గోడ దగ్గర కథ మార్చి చెప్పాను. ఎవరి పుస్తకమో కూడా చెప్పాను. జనం నిశ్శబ్దంగానే ఉన్నారు, కానీ ఈసారి వాళ్లు గోడను చూడలేదు, నన్ను చూశారు. అది నాకు ఇష్టంగా లేదు. అయినా ప్రతివారం చెబుతున్నాను. చెప్పాక ఇంటికి నడిచే దారి తేలిగ్గా ఉంటోంది.

మొన్న పొద్దున షిఫ్టు టైములో ఆమె కొడుకు మోటారు సైకిల్ మీద ఎదురొచ్చాడు. ఎప్పుడూ "కాకా, మంచిగున్నవా?" అని బండి ఆపేవాడు. ఈసారి నన్ను చూసి మొహం తిప్పుకుని పోయాడు. హ్యాండిల్‌కు ఒక గుడ్డసంచి వేలాడుతోంది. బండి గుంతలో పడి లేచినప్పుడు, సంచిలోంచి గిన్నె మూత చప్పుడు వినిపించింది.